ముగ్గు పిండి తిన్న కోళ్ళు

కోళ్ళకు ముగ్గు పిండి తినిపించిన మనిషి షాద్‌నగర్ చుట్టుపక్కల ఇంకొకరు ఉంటే చూపించండి, నా దుకాణం నుంచి ఒక నెల సరుకు ఉచితంగా ఇస్తాను. ఉండరు కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారు, చేసి డబ్బులు పోగొట్టుకుంటారు. నేను బేరమాడి మరీ చేశాను. బస్తాకు ఇంత అని లెక్కగట్టి, అమ్మినవాడి చేతే ఆటో కిరాయి కట్టించి, రెండు వందల యాభై కోళ్ళకు రెండు నెలలు తినిపించాను. ఆ రెండు నెలలూ రాత్రి పడుకునే ముందు ఎంత మిగిలిందో గుర్తు తెచ్చుకుని హాయిగా నిద్రపోయాను కూడా.

కోళ్ళు నావి కావు, మా అక్కవి.

మాది వ్యవసాయం చేసుకునే కుటుంబమే. బోర్లు ఎండిపోయాక బాపు నాగలి పక్కన పెట్టి భువనగిరి బజారులో చిన్న కిరాణా దుకాణం పెట్టాడు. అక్కా నేనూ ఆ గల్లా పక్కనే పెరిగాం. చింతపండు పొట్లాలు కట్టడం అక్క పని, వచ్చినవాళ్ళతో బేరమాడటం నా పని. అక్క తూచేటప్పుడు ఓ పిడికెడు ఎక్కువే పడేది. నేను వెనక నుంచి ఆ పిడికెడు తీసి మళ్ళీ డబ్బాలో వేసేదాన్ని. "ఇద్దరు ఒక్క కడుపుల పుట్టిన్రు, ఒకతి దుకాణం ముంచుతది, ఒకతి ఊరును ముంచుతది" అనేవాడు బాపు. అక్కనూ నన్నూ కాక ఆయన కోళ్ళను కూడా లెక్కలోకి తీసుకుని ఉంటే బాగుండేది.

పెళ్ళయ్యాక నేను షాద్‌నగర్ వచ్చాను. ఇక్కడా కిరాణా దుకాణమే. తెలంగాణ వచ్చాక జిల్లాలు మారి మా ఊరు మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డిలోకి పోయింది గానీ మా బోర్డు మీద పాత జిల్లానే ఉంది. పేరు మార్చడానికి పెయింటర్ ఎక్కువ అడిగాడు. ఇంకా బేరం నడుస్తూనే ఉంది.

అక్కను ఇక్కడికి పావుగంట బస్సు దూరంలో ఉన్న ఊరికి ఇచ్చారు. బావ ఒక కంపెనీలో వాచ్‌మెన్. అక్క కొన్నేళ్ళు తమ చేనులోనూ, కూలికి ఇతరుల చేలలోనూ పత్తి ఏరింది. తర్వాత గర్భసంచి ఆపరేషన్ అయింది. వంగొద్దు, బరువు మోయొద్దు అని దవాఖానలో చెప్పి పంపారు. వంగకుండా పత్తి ఎట్లా ఏరాలో మాత్రం వాళ్ళు చెప్పలేదు. ఆరు నెలలు చూసి, బావ ఇంటి వెనక జాగాలో రేకుల షెడ్డు వేశాడు. గోధుమరంగు గుడ్లు పెట్టే కోడిపిల్లలను తెచ్చారు. నిలబడి దాణా వేయడం, నిలబడి నీళ్ళు పోయడం, నడుము ఎత్తున కట్టిన గూళ్ళలోంచి గుడ్లు తీయడం. అక్క ఒంటికి సరిపోయిన పని అదొక్కటే. ఆ షెడ్డు నడిస్తే ఆమె మళ్ళీ పత్తిలో వంగక్కర్లేదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క అది, నాకూ తెలుసు.

గుడ్లకు పెద్ద గిరాకీ మా వీధి చివర బేకరీ. బావ డ్యూటీకి వస్తూ ట్రేలు బండి వెనక కట్టుకుని తెచ్చి దించేవాడు. కొన్నాళ్ళకు బేకరీ ఆయన నా దుకాణం ముందు ఆగాడు.

"అక్కా, మీ అక్క గుడ్లల్ల పచ్చసొన మరీ తెల్లగుంటాంది. కేకు చేస్తె జరమొచ్చి లేసినోని మొఖం లెక్క అయితాంది. రంగు నేను డబ్బాలకెల్లి కలపాల్నంటె మరి ధర గూడ ఆలోచన చెయ్యాలె."

ధర అన్న మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆయన దగ్గర వారం గడువు తీసుకుని, దాణా అమ్మే వాళ్ళను, కోళ్ళు పెంచే వాళ్ళను అడిగాను. సొన రంగు కోడి తినేదాన్ని బట్టి ఉంటుందట. పసుపుపచ్చ మక్కజొన్నలు, ఆకుకూర, బంతిపూల రేకులు పెడితే సొన చిక్కటి రంగు తిరుగుతుందట. ఆ వారమే దసరా. దసరా తెల్లారి పూల బజారులో బంతిపూలను అడిగేవాడుండడు. నేను అడిగాను.

"పారేస్తవా, నాకిస్తవా?" అన్నాను వాడిపోయిన కుప్ప ముందు నిలబడి.

"తీస్కపో అక్కా, ఊడ్చేటి కూలి మిగుల్తది నాకు."

"కూలి మిగిలింది గద, గా సంచి గూడ ఇయ్యి మరి."

ఇచ్చాడు. అలా నలుగురి దగ్గర నాలుగు సంచులు. డాబా మీద నీడలో ఆరబెట్టి, రేకులు నలిపి, పొడి చేసి అక్కకు పంపాను. దాణాలో కొంచెం కొంచెం కలపమన్నాను. నెల తిరగకుండానే బేకరీ ఆయన ఒక గుడ్డు గిన్నెలో కొట్టి నాకు చూపించడానికి దుకాణం దాకా తెచ్చాడు. "గిది నాటుకోడి గుడ్డు లెక్కున్నది" అన్నాడు. మారింది రంగు ఒక్కటే, ఆ గుడ్డులో బలం పెరిగిందో లేదో నాకు తెలియదు. ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్క మాత్రం పొంగిపోయింది. "నా చెల్లెకు కోళ్ళ భాష గూడ వచ్చు" అని వాడకట్టంతా చెప్పింది. ఆ రోజు నుంచి ఆ షెడ్డుకు దాణా మంత్రిని నేనే. మక్కలు ఎక్కడ కొనాలి, సోయా చెక్క ఎప్పుడు కొనాలి, తవుడు ఎవడి దగ్గర తీసుకోవాలి, అన్నీ నా నోటి మీదే.

కోళ్ళ దాణాలో గుల్ల అని ఒకటి వేస్తారు. సముద్రపు గవ్వలను, ఆలిచిప్పలను ముక్కలు చేసి బస్తాల్లో అమ్ముతారు. గుడ్డు పెంకు గట్టిగా రావాలంటే అందులోని సున్నం పడాలి. బస్తా నాలుగు వందల యాభై. నాకది కడుపులో మండేది. సముద్రం మొహం చూడని జిల్లాలో సముద్రపు చిప్పలకు అంత పెట్టడమేమిటి? పైగా ఆ దాణా దుకాణం ఆయన బేరమే ఆడనిచ్చేవాడు కాదు. ధర చెప్పి టీవీ వైపు తిరిగేవాడు. బేరమాడనివ్వని మనిషిని నేను దొంగ అనే అనుకుంటాను, ఇప్పటికీ.

మా దుకాణానికి ముగ్గు పిండి ఊరి బయట రాళ్ళు పిండి పట్టే మిల్లు నుంచి వస్తుంది. ఒకరోజు అక్కడ తెల్లటి పొడి కుప్ప చూస్తూ ఉంటే ఆలోచన వచ్చింది. కోడి తినే గుల్లా తెలుపే, ఇదీ తెలుపే. అదీ గట్టిదే, ఇదీ గట్టిదే. ఆ మాటకొస్తే కోళ్ళు తమంతట తామే రాళ్ళు ఏరుకు తింటాయి. మనం నూరి పెడితే కాదంటాయా?

"గిది ఏం రాయే?" అని అడిగాను మిల్లు నడిపే అతన్ని.

"మంచి రాయమ్మా. గట్టి రాయి."

"సున్నపు రాయేనా?"

"రాయంటె రాయే గద. నీకు ముగ్గు తెల్లగ పడాలె, అంతే గద?"

అక్కడ ఆగాలి నేను. ఆగలేదు, ఎందుకంటే అప్పటికే ధర దగ్గరికి వచ్చేశాం. బస్తా నూటఎనభై అన్నాడు. నూట ఇరవైకి దించాను. ఆటో కిరాయి కూడా వాడే పెట్టుకుంటానన్నాడు. అడగకుండానే బస్తా ఎత్తి ఆటోలో వేశాడు. అమ్మేవాడు అంత తొందరగా ఒప్పుకున్నాడంటే కొనేవాడు ఎక్కువిచ్చాడని అర్థం. బాపు దుకాణంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది, ఆ రోజు గుర్తుకు రాలేదు.

అక్కకు ఫోన్ చేసి, "గుల్ల కొనకు. దానికి బదులు నేను మంచిది పంపుతున్న. మూడో వంతు ధర గూడ లేదు" అన్నాను. అక్క ఏమిటని కూడా అడగలేదు. బంతిపూలు పంపిన చెల్లెలు కదా.

మొదటి పక్షం రోజులు ఏమీ కాలేదు. అదే నన్ను ముంచింది. గుడ్లు ఎప్పటిలాగే గట్టిగా వచ్చాయి, నేను రెండో బస్తాకు మాట్లాడాను. తర్వాత ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, గుడ్లు గరుకు గరుకుగ వస్తున్నయే. ఇసుక పూసినట్టు."

"ఎండలు గద. నీళ్ళు ఎక్కువ పెట్టు."

అవి మాఘమాసం చివరి రోజులు. అక్క నా మాట నమ్మి ఇంకో రెండు కుండలు పెట్టింది. పది రోజులకు మళ్ళీ ఫోన్.

"చేతుల పట్టంగనే పెంకు లోపలికి పోతాంది. పొద్దుగాల ఒకటి పెంకే లేకుంట పడ్డది. తోలు సంచి ఉన్నట్టున్నది, పట్టుకుంటె జిల్లుమన్నది నాకు."

"పొడి తక్కువేస్తున్నవు. చేతికి దయ ఎక్కువ గద నీకు, కోళ్ళకు మాత్రం పిసినారి. ఇంకో పిడికెడు ఎక్కువెయ్యి" అన్నాను. జీవితంలో మొదటిసారి నేనే పిడికెడు ఎక్కువ వేయమన్నాను. అది కూడా ముగ్గు పిండి.

బేకరీలో ట్రే దించేటప్పటికి కింది వరుసలు కారిపోతున్నాయి. బేకరీ ఆయన రెండుసార్లు ఊరుకున్నాడు, మూడోసారి ట్రేలు వెనక్కి పంపాడు. ఆ మర్నాడే అక్క వెదురుబుట్టలో కోడిని పెట్టుకుని, పైన తువాలు కప్పి, బస్సులో మా దుకాణానికి వచ్చింది. కోడి పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కళ్ళు చురుగ్గానే ఉన్నాయి, ముక్కు ముందు గింజ వేస్తే తింటోంది, కాళ్ళు మాత్రం లేవడం లేదు.

"గిట్ల ఇంకో ఇరవై ఉన్నయే" అంది అక్క. "దాణా కాడికి నడిచి పోతలేవు. నేనే చేతిల పట్టి నీళ్ళు తాపుతున్న, తినిపిస్తున్న."

ఇద్దరం పశువుల దవాఖానకు పోయాం. డాక్టరు కోడి రొమ్ము ఎముకను వేలితో మెల్లగా తడిమాడు. నిటారుగా ఉండాల్సిన ఎముక వంకర తిరిగి, నొక్కితే వంగుతోంది. ఎముకలో సున్నం అయిపోయిందని చెప్పాడు. తిండిలో అందకపోయినా కోడి గుడ్డు పెట్టడం ఆపదట. పెంకు కోసం తన ఎముకల్లోంచి తీసి ఇస్తుందట. అది కూడా అయిపోయాక కాళ్ళు పడిపోతాయట.

"పెంకు కోసం గ్రిట్ ఏమైనా వేస్తున్నారా?" అని అడిగాడు.

"వేస్తున్నం సార్" అన్నాను నేను. అక్క నోరు తెరిచేలోపే అన్నాను. పొడి వేస్తున్న మాట నిజమే. దుకాణంలో కూర్చున్నవాళ్ళకు ఇలాంటి నిజాలు చాలా తెలుసు.

ఆయన మందు రాసిచ్చి, ఆ గ్రిట్ ఒకసారి చూసుకోమన్నాడు. దుకాణానికి వచ్చాం. అక్క కోడికి నీళ్ళు తాపుతూ కూర్చుంది. నేను లోపలికి పోయాను. బాపు దుకాణంలో మైదాలో సుద్దపొడి కలిసిందని అనుమానం వస్తే నిమ్మకాయ పిండేవాడు. బుసబుస పొంగితే సుద్ద కలిసినట్టు, పొంగకపోతే మంచి పిండి. సుద్దలో సున్నం ఉంటుంది కాబట్టి పులుపు తగలగానే పొంగుతుంది. నేను ఒక సాసర్‌లో మా ముగ్గు పిండి వేసి నిమ్మచెక్క పిండాను. పొంగలేదు. ఇంకో చెక్క పిండాను. పొడి నిమ్మరసం తాగి, చల్లగా, ముద్దగా, అట్లాగే ఉండిపోయింది. అందులో సున్నం అణువంత కూడా లేదు. ఉత్త పలుగురాయి. బాపు దుకాణంలో అయితే దానికి మంచి సరుకు అని పేరు వచ్చేది.

సాసర్ పట్టుకుని బయటికి వచ్చి అక్క ముందు పెట్టాను. అప్పటిదాకా ఆ పొడి ఎక్కడి నుంచి తెస్తున్నానో చెప్పలేదు కదా, అప్పుడు చెప్పాను.

అక్క సాసర్‌లో వేలు పెట్టి ఆ ముద్దను నలిపింది.

"ముగ్గా?"

"ఊఁ."

"వాకిట్ల ఏసేటి ముగ్గా?"

"ఊఁ."

"అవి ఒంట్ల బొక్కలు కరగదీసి గుడ్లు పెట్టినయి నాకు. నువ్వు వాటి పొట్టల ముగ్గులేసినవ్" అంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, రెండింటికీ ఆమెకు భుజాలు ఒకేలా కదులుతాయి. తర్వాత కోడిని బుట్టలో సర్దుకుని లేచింది. "తిట్టుడు తర్వాత తిడ్త. ముందుగాల గుల్ల కొనియ్యి. షెడ్డు పోతె నేను మళ్ల పత్తిల వంగాలె. గది నాతోని కాదు."

దాణా దుకాణానికి పోయాం. ఆయన ధర చెప్పి టీవీ వైపు తిరిగాడు. నేను డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన టీవీ వదిలేసి నన్ను చూశాడు.

అక్క ఆ సాయంత్రమే పని మొదలుపెట్టింది. కాళ్ళు పడిపోయిన కోళ్ళను వరిగడ్డి పరిచి వేరుగా పెట్టింది. ఒక్కోదాని ముక్కు ముందు ఒక చిప్పలో గుల్ల, ఒక చిప్పలో నీళ్ళు. కింద కూర్చుంటే లేవలేదు కాబట్టి పీట మీద కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి ఒళ్ళో పెట్టుకునేది. మిగతా వాటికి సాయంత్రం పూట గుల్ల ముక్కలు వేరే తొట్టిలో పోసింది. పెంకు తయారయ్యేది రాత్రి కాబట్టి పొద్దుగూకేటప్పుడు తింటే మంచిదని డాక్టరు చెప్పాడు. కోళ్ళు ఆ తొట్టి మీద పడ్డ తీరు చూసి నేను షెడ్డులోంచి బయటికి వచ్చేశాను.

నా పని బేకరీ. పోయిన ఖాతా వెనక్కి తేవాలి. మాటలతో అయ్యే పనికి నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం.

"అన్నా, నువ్వు గుడ్డు తీస్కపోయి ఏం చేస్తవు?" అని మొదలుపెట్టాను.

"కేకు చేస్త."

"దానికంటె ముందుగాల?"

"పగులగొడ్త."

"మరి మా గుడ్లు ముందుగాల్నే పగిలితె నీకేం నష్టం? పనోని కూలి మిగుల్తది. జర ధర తగ్గించుకో, తీస్కో."

బేకరీ ఆయన గల్లా మీద చేతులు ఆనించి నవ్వాడు. "అక్కా, నీ దుకాణంల పాల ప్యాకెట్ చినిగి కారుతుంటె, ఎట్లాగూ చింపుకునేదే గద అని కొంటవా? నా దగ్గర పిల్లలు తింటరు. మంచిగైనంక రమ్మను, చూస్త." ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. గుడ్లు బాగయ్యేసరికి ఆయన ఒక పెద్ద ఫారం వ్యానుకు మాటిచ్చేశాడు. మా కళ్ళ ముందే తెల్లగుడ్ల ట్రేలు దిగాయి. ఆ సొన రంగు ఏమిటని నేను అడగలేదు.

పడిపోయిన కోళ్ళలో కొన్ని చచ్చిపోయాయి. కొన్ని లేచినా మళ్ళీ గుడ్డు పెట్టలేదు, వాటిని చికెన్ షాపుకు అమ్మాల్సి వచ్చింది. వాటిని బండికి ఎక్కిస్తుంటే అక్క ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. మిగిలినవి మెల్లగా తేరుకున్నాయి. పెంకు మళ్ళీ గోరుతో కొడితే టక్కుమనే దాకా వచ్చింది. కానీ కోళ్ళు తగ్గాయి, బేకరీ పోయింది. ఊళ్ళో, సంతలో, నా దుకాణంలో అమ్మితే వచ్చేది దాణాకే సరిపోయేది. షెడ్డు మూయకుండా ఉండాలంటే ఎక్కడి నుంచో పైసలు రావాలి. ఆ ఏడు పత్తి తీతకు అక్క నడుముకు బెల్టు కట్టుకుని, దాని మీద చీర బిగించి కూలికి పోయింది. బావ వద్దన్నాడు, నేనూ వద్దన్నాను. "మరి కోళ్ళకు ఏం పెడదాం, ముగ్గా?" అంది.

నేనూ దుకాణం మా ఆయనకు అప్పగించి కొన్నాళ్ళు ఆమె వెంట పోయాను, ఆమె సాలు కూడా నేనే ఏరుదామని. సాయంత్రం తూకం వేస్తే ఆమె ఏరినదాంట్లో సగం కూడా లేదు నాది. నా జీవితంలో తూకం ఎక్కువ రావాలని కోరుకున్నది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు షెడ్డులో మళ్ళీ రెండు వందల కోళ్ళున్నాయి. అక్క పత్తికి పోవడం లేదు. మా కాలనీ వాళ్ళు నా దుకాణం నుంచే గుడ్లు తీసుకుంటారు. మొన్న ఇద్దరం కూర్చుని లెక్క చూసుకున్నాం. ఇదీ ఆ లెక్క.

మూడు బస్తాల మీద నేను మిగిల్చింది తొమ్మిది వందల తొంభై రూపాయలు. పగిలిన, కారిన, అసలు పెట్టకుండా పోయిన గుడ్ల ఖరీదు తొమ్మిది వేలు. చచ్చిన కోళ్ళు, మాంసం ధరకు పోయిన కోళ్ళు పదకొండు వేలు. బేకరీ పోయాక తక్కువకు అమ్మిన తేడా నాలుగు వేలు. మందులు వెయ్యి. మొత్తం పోయింది పాతిక వేలు. మిగిల్చిందాన్ని తీసేస్తే ఇరవై నాలుగు వేల పది.

దీంట్లో నేను సరుకుల రూపంలో పద్నాలుగు వేలు కట్టానని చెప్పాను. "గది నువ్వు అమ్మే ధరనా, కొన్న ధరనా?" అని అడిగింది అక్క. కొన్న ధరకు లెక్కేస్తే పన్నెండు వేల ఐదు వందలే అయింది.

పత్తి కూలికి కూడా ఒక అంకె వేద్దామని పెన్ను పెట్టాను. అక్క చెయ్యి పట్టుకుంది. "దానికి ధర కట్టకు. కట్టినవంటె మళ్ల తగ్గిస్తవు." ఆ వరుస ఖాళీగా వదిలేశాను.

ఇంకా ఇవ్వాల్సింది పదకొండు వేల ఐదు వందల పది. చిల్లర పది తీసెయ్యవే అంది అక్క. తీసెయ్యలేదు.